యూఎస్‌బీ కంట్రోలర్‌కు ఫర్మ్‌వేర్ ఎవరు అందించాలి?

కంప్యూటర్లో యూఎస్‌బీ కార్డు బిగించి ఉంది. పీసీఐ జాబితాలో దాని పేరు కనిపిస్తోంది. దానికి కావలసిన డ్రైవర్ కెర్నల్లోనే ఉంది. అయినా పోర్టులో పెట్టిన పెన్‌డ్రైవ్ జాడ తెలియదు. కెర్నల్ లాగ్ తెరిచి చూస్తే ఒక్క వరుస ఉంటుంది: ఫలానా ఫర్మ్‌వేర్ ఫైలు లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2. లైనక్స్‌లో మైనస్ 2 అంటే అడిగిన ఫైలు అక్కడ లేదని.

వైఫై కార్డులకూ గ్రాఫిక్స్ కార్డులకూ ఇలాంటి ఫైళ్లు కావాలని చాలామందికి తెలుసు. యూఎస్‌బీ హోస్ట్ కంట్రోలర్‌కు కూడా కావాలంటే కొంత ఆశ్చర్యంగానే ఉంటుంది. వైఫై పనిచేయకపోతే ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని ఎక్కించుకోవచ్చు. యూఎస్‌బీయే పనిచేయకపోతే పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టాలి? కీబోర్డు, మౌస్, కొన్ని యంత్రాల్లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కు కూడా ఆ దారినే రావాలి. అందుకే ఈ సమస్యను తక్కిన ఫర్మ్‌వేర్ సమస్యలతో కలిపి చూడటం సరికాదని నా నమ్మకం. ఇన్నేళ్లుగా రకరకాల చిప్‌లూ, వాటిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఈ పనిని ఎలా చేశాయో చూస్తే ఏ పద్ధతి మేలో తేల్చుకోవచ్చు.

మొదట్లో ఈ అవసరమే లేదు. 1990లలో వచ్చిన యూహెచ్‌సీఐ, ఓహెచ్‌సీఐ కంట్రోలర్లు, ఆ తర్వాత యూఎస్‌బీ 2.0 కోసం వచ్చిన ఈహెచ్‌సీఐ కంట్రోలర్లు సాదాసీదా యంత్రాలు. ఏ పరికరంతో ఎప్పుడు మాట్లాడాలో డ్రైవరే లెక్కవేసి, మెమరీలో ఒక పట్టిక రాసి పెట్టేది. కంట్రోలర్ ఆ పట్టికను వరుసగా చదువుకుంటూ పోయేది. ఆ మాత్రం పనికి చిప్‌లో స్థిరంగా చెక్కిన లాజిక్ చాలు.

2010లో ప్రమాణంగా వెలువడిన ఎక్స్‌హెచ్‌సీఐ ఈ పని విభజనను మార్చేసింది. డ్రైవర్ ఇప్పుడు మెమరీలోని వలయాకారపు వరుసల్లో ఆదేశాలు పెట్టి గంట కొడుతుంది. పరికరానికి చిరునామా ఇవ్వడం, బ్యాండ్‌విడ్త్ సరిపోతుందో లేదో చూడటం, ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించడం కంట్రోలర్ పని. ఇంత పని చేయాలంటే చాలా చిప్‌లలో ఒక చిన్న ప్రాసెసర్, దాన్ని నడిపే ప్రోగ్రామ్ ఉండక తప్పలేదు. తొలి ఎక్స్‌హెచ్‌సీఐ చిప్ ఎన్‌ఈసీ తయారుచేసిన 720200. ప్రమాణం వెలువడకముందే, 2009లో ఇది వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో లైనక్స్ 2.6.31 వెలువడి, యూఎస్‌బీ 3.0ను నడిపిన తొలి ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌గా నిలిచింది. ఆ డ్రైవర్ రాసినది ఇంటెల్‌లో పనిచేసిన సారా షార్ప్. మరుసటి ఏడాది ఎన్‌ఈసీ చిప్‌ల విభాగం రెనెసాస్‌లో కలిసిపోయింది. మన కథలో ఎక్కువ భాగం ఈ రెనెసాస్ చిప్‌ల చుట్టూనే తిరుగుతుంది.

ప్రోగ్రామ్ ఉన్నాక దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. చిప్ లోపలి రామ్‌లో పెడితే కరెంటు పోగానే పోతుంది. పక్కన ఓ చిన్న ఫ్లాష్ చిప్ పెడితే శాశ్వతంగా ఉంటుంది, కంట్రోలర్ లేవగానే తనంతట తానే చదువుకుంటుంది. ఆ ఫ్లాష్ ఖరీదు స్వల్పమే. కానీ లక్షల బోర్డులు చేసేవారికి ఆ స్వల్పమే పెద్ద మొత్తం, బోర్డు మీద ఆ కాస్త చోటూ విలువైనదే. కాబట్టి ఫ్లాష్ తీసేసి, ప్రోగ్రామ్‌ను ప్రతిసారీ బయటినుంచి ఎక్కించమన్నారు. ఖర్చు తగ్గింది తయారీదారుకు, బాధ్యత చేరింది డ్రైవర్ రాసేవారి నెత్తిన.

రెనెసాస్ 720201, 720202 చిప్‌లు దీనికి సరైన ఉదాహరణ. మొదటిదానికి నాలుగు పోర్టులు, రెండోదానికి రెండు. రెండూ రెండు రకాలుగానూ పనిచేస్తాయి: పక్కన రోమ్, అంటే ఆ ఫ్లాష్ చిప్, ఉంటే అందులోంచి చదువుకుంటాయి, లేకపోతే పీసీఐ కాన్ఫిగరేషన్ ప్రాంతం ద్వారా ఎవరైనా అందించేదాకా వేచి ఉంటాయి. అందించే తీరును రెనెసాస్ తన హార్డ్‌వేర్ మాన్యువల్లో స్పష్టంగా రాసింది. ఈ విషయంలో ఆ కంపెనీని మెచ్చుకోవాలి. ముందు కంట్రోల్ రిజిస్టర్లో డౌన్‌లోడ్ ఎనేబుల్ బిట్‌ను వెలిగించాలి. తర్వాత నాలుగు బైట్లు మొదటి డేటా రిజిస్టర్లో రాసి, 'ఇచ్చాను' అన్న బిట్ పెట్టాలి. చిప్ వాటిని తీసుకున్నాక ఆ బిట్‌ను తానే ఆర్పేస్తుంది. ఈలోగా తర్వాతి నాలుగు బైట్లు రెండో డేటా రిజిస్టర్లోకి వెళ్తాయి. ఇలా ఒకటి విడిచి ఒకటిగా ఫైలంతా అయ్యాక ఎనేబుల్ బిట్‌ను ఆర్పి, ఫలితం అడగాలి. సఫలమైందనో విఫలమైందనో చిప్ చెబుతుంది.

ఇంత సన్నని గొట్టంలోంచి పంపడం నెమ్మదే. కానీ ఫైలు 64 కేబీ లోపే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. కాన్ఫిగరేషన్ ప్రాంతాన్ని ఎంచుకోవడంలో ఒక తెలివి కూడా ఉంది. కంట్రోలర్ మెమరీ రిజిస్టర్లను ముట్టుకోవలసిన పని లేకుండానే, ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవర్ అసలు పని మొదలుపెట్టకముందే ఇదంతా అయిపోతుంది. ఆ తర్వాత మామూలు డ్రైవర్‌కు ఎదురుగా ఉన్నది ప్రమాణం ప్రకారం నడిచే కంట్రోలరే.

ఇంత వివరంగా మాన్యువల్ ఉన్నా, ఈ చిప్‌లకు ఫర్మ్‌వేర్ ఎక్కించే కోడ్ అసలు లైనక్స్‌లో చేరింది 2020లో, 5.8 వెర్షన్‌తో. అంతకుముందు రూటర్లలో వాడే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వంటి చోట్ల విడి ప్యాచ్‌గా తిరిగింది. మామూలు వాడుకరులు బూట్ అయ్యాక యూజర్ స్పేస్ నుంచి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్‌లతో నెట్టుకొచ్చారు. చివరికి క్వాల్కమ్ చిప్‌తో వచ్చిన డ్రాగన్‌బోర్డ్ 845సీ మీద ఈ రెనెసాస్ కంట్రోలర్ ఉండటంతో లినారో సంస్థలో పనిచేసే వినోద్ కౌల్ పాత ప్యాచ్‌ను తీసుకుని, సవరించి, కెర్నల్లోకి చేర్చే దాకా పట్టువదల్లేదు.

చేరాక మొదలైన చిక్కుల్లోనే మనం నేర్చుకోవలసినది ఎక్కువ. డ్రైవర్ ముందు చిప్‌ను ఒక మాట అడగాలి: నీలో ఇప్పటికే ప్రోగ్రామ్ ఉందా? రోమ్ నుంచి ఎక్కి ఉండవచ్చు, బయోస్ ఎక్కించి ఉండవచ్చు. ఎక్కిందని చిప్ చెబితే డ్రైవర్ పక్కకు తప్పుకోవాలి. కాగితం మీద ఇది సులువు. నిజమైన బోర్డుల్లో కొన్ని చిప్‌లు రోమ్ గురించి అవుననీ కాదనీ చెప్పకుండా ఏ ఫలితమూ లేదన్న జవాబు ఇచ్చాయి. అలాంటప్పుడు ఏం చేయాలి? వదిలేస్తే ఫర్మ్‌వేర్ లేని బోర్డు చచ్చినట్టే పడి ఉంటుంది. లోడ్ చేయబోతే, ఏళ్ల తరబడి ఏ ఫైలూ అడగకుండా పనిచేసిన కార్డు ఇప్పుడు ఫైలు లేదన్న సాకుతో ఆగిపోవచ్చు. 2021లో ఒక సవరణ వచ్చింది, దాన్ని వెనక్కి తీసుకున్నారు, మళ్లీ ఇంకొకటి వచ్చింది. చివరికి స్థితి తెలియనప్పుడు ఫర్మ్‌వేర్ లోడ్ చేయడానికే మొగ్గు చూపాలని తేల్చారు. కొద్ది నెలల్లో జరిగిన ఈ ముందువెనకలు చూస్తే, హార్డ్‌వేర్ ఇచ్చే జవాబులో 'తెలియదు' అన్న మూడో అవకాశాన్ని డ్రైవర్ రచయిత మొదటిరోజే లెక్కలోకి తీసుకోవాలని అర్థమవుతుంది.

ఇంకో చిక్కు చిన్నదే అయినా లక్షలమందిని తాకింది. ఈ ఫైలు పేరు సాధారణ ఎక్స్‌హెచ్‌సీఐ మాడ్యూల్‌కు అతికించి ఉండటంతో, రెనెసాస్ చిప్ కంటితో చూడనివారికి కూడా, కెర్నల్ మార్చిన ప్రతిసారీ 'ఫర్మ్‌వేర్ లేకపోవచ్చు' అన్న హెచ్చరిక వచ్చేది. ఆర్చ్ లైనక్స్ వాడేవారికి అది బాగా పరిచయం. 2024లో రెనెసాస్ భాగాన్ని సొంత కాళ్ల మీద నిలిచే వేరే డ్రైవర్‌గా విడదీశారు. మొదట్నుంచీ అలా చేసి ఉండవలసింది.

రోమ్ ఉన్న కార్డుల్లో డ్రైవరే ఆ రోమ్‌ను చెరిపి కొత్త వెర్షన్ రాయగల కోడ్ కూడా కెర్నల్లో ఉంది. పొరపాటున చెరిగిపోకుండా ముందు ఒక గుర్తు సంఖ్య రాయాలి. నాకు ఇది మాత్రం నచ్చలేదు. రామ్‌లోకి ఎక్కించడం విఫలమైతే కరెంటు తీసి మళ్లీ పెట్టవచ్చు. రోమ్ రాస్తుండగా కరెంటు పోతే మిగిలేది సగం రాసిన రోమ్. అలాంటి పని వాడుకరి తెలిసి, అడిగి చేయించుకోవలసినది. బూట్ సమయంలో డ్రైవర్ తన నిర్ణయం మీద చేయదగ్గది కాదు.

ఎన్విడియా టెగ్రా చిప్‌లలో పరిస్థితి వేరు. అక్కడ యూఎస్‌బీ కంట్రోలర్ ప్రధాన చిప్ లోపలే ఉంటుంది. దాన్ని ఫాల్కన్ అనే చిన్న ప్రాసెసర్ నడుపుతుంది. 2016లో లైనక్స్ 4.7లో చేరిన డ్రైవర్ ఫర్మ్‌వేర్ ఫైలును మెమరీలో ఒకచోట ఉంచి, ఆ చోటు చిరునామాను ఫాల్కన్‌కు చెబుతుంది. బూట్ కోడ్ ఉన్న భాగాన్ని ముందు ఎక్కించి ఫాల్కన్‌ను లేపుతుంది. ఇక్కడ కూడా డ్రైవర్ మొదట చేసేది ఇప్పటికే లోడ్ అయిందా అని చూడటమే. ఎవరో ముందే ఎక్కించి ఉంటే ఆ మాట లాగ్‌లో రాసి ఊరుకుంటుంది.

టెగ్రాలో మెచ్చుకోదగ్గ సంగతి నిద్ర లేచేటప్పుడు కనిపిస్తుంది. కరెంటు ఆదా కోసం కంట్రోలర్‌ను పూర్తిగా ఆపేస్తే లోపలి ప్రోగ్రామ్ పోతుంది. లేచాక మళ్లీ ఎక్కించాలి. అప్పుడు ఫైలు కోసం డిస్కు వైపు చూస్తే, ఆ డిస్కు ఇంకా నిద్రలోనే ఉండవచ్చు, లేదా ఈ కంట్రోలర్‌కే తగిలించి ఉండవచ్చు. టెగ్రా డ్రైవర్ ఫర్మ్‌వేర్ ప్రతిని మెమరీలోనే ఉంచుకుంటుంది కాబట్టి ఆ భయం లేదు. లైనక్స్‌లో తక్కిన డ్రైవర్లకు కూడా ఒక ఏర్పాటు ఉంది. సస్పెండ్‌కు ముందు కెర్నల్ వాటి ఫర్మ్‌వేర్ ఫైళ్లను చదివి మెమరీలో దాచి పెడుతుంది. ఈ ఏర్పాటును గమనించకుండా రాసిన డ్రైవర్లు ల్యాప్‌టాప్ మూత తెరిచినప్పుడు బయటపడతాయి.

రాస్‌ప్‌బెర్రీ పై 4 ఇంకో దారి పట్టింది. 2019 జూన్‌లో వచ్చిన ఈ బోర్డు మీద వియా వీఎల్805 అనే యూఎస్‌బీ 3 కంట్రోలర్ ఉంది. తొలి బోర్డుల్లో దానికి సొంత ఫ్లాష్ ఉండేది. తర్వాతి బోర్డుల్లో ఆ ఫ్లాష్ తీసేసి, ప్రోగ్రామ్‌ను బోర్డు సొంత బూట్ ఈప్రామ్‌లోకి మార్చారు. బోర్డు లేవగానే గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లో నడిచే ఫర్మ్‌వేరే వీఎల్805కు ప్రోగ్రామ్ ఎక్కిస్తుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కు ఆ తర్వాత. ఆపరేటింగ్ సిస్టమ్ తన పద్ధతి ప్రకారం పీసీఐ బస్సును రీసెట్ చేస్తుంది. దాంతో ఎక్కించిన ప్రోగ్రామ్ కాస్తా పోతుంది.

పరిష్కారంగా బోర్డు ఫర్మ్‌వేర్‌తో మాట్లాడే మెయిల్‌బాక్స్‌లో ఒక కొత్త సందేశం చేర్చారు. రీసెట్ అయ్యాక ఆపరేటింగ్ సిస్టమ్ ఆ సందేశం పంపితే చాలు, బోర్డు ఫర్మ్‌వేర్ వీఎల్805కు మళ్లీ ప్రోగ్రామ్ ఎక్కిస్తుంది. లైనక్స్ 2020లో దీన్ని చేర్చుకుంది. యూ-బూట్ బూట్‌లోడర్, ఫ్రీబీఎస్‌డీ కూడా చేర్చుకున్నాయి. ఈ సందేశం తెలియని ఆపరేటింగ్ సిస్టమ్‌లో పాత బోర్డు మీద యూఎస్‌బీ పనిచేసి, కొత్త బోర్డు మీద పనిచేయకపోవడం జరిగింది. బోర్డు పేరు ఒకటే, బయటికి చూస్తే తేడా లేదు, లోపల ఒక ఫ్లాష్ చిప్ తక్కువ. కారణం తెలియనివారు ఎంత తికమకపడి ఉంటారో ఊహించవచ్చు.

అయినా నేను చూసిన పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది ఇదే. ఆపరేటింగ్ సిస్టమ్ ఏ ఫైలునూ మోయనక్కరలేదు, లైసెన్సు చదవనక్కరలేదు, ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వస్తే బోర్డు ఫర్మ్‌వేర్‌తోపాటే వస్తుంది. డ్రైవర్ చేయవలసిందల్లా ఒక్క సందేశం పంపడం. ఆ సందేశం గురించి ముందే అందరికీ తెలిసేలా రాసి ఉంచితే ఇంకా బాగుండేది. 2023లో వచ్చిన పై 5లో యూఎస్‌బీ కంట్రోలర్లు ఆర్‌పీ1 చిప్ లోపలికి చేరడంతో వీఎల్805 అవసరమే పోయింది.

ఆపిల్ సొంత చిప్‌లతో వచ్చిన మాక్‌లలో కొన్నింటికి, ఉదాహరణకు మాక్ స్టూడియోకు, కొన్ని యూఎస్‌బీ పోర్టులు ఏఎస్‌మీడియా కంట్రోలర్ ద్వారా నడుస్తాయి. దాని ప్రోగ్రామ్‌ను మాక్ ఓఎస్ ఎక్కిస్తుంది. అదే యంత్రం మీద అసాహీ లైనక్స్ నడపాలంటే ఆ ఫైలు కావాలి, కానీ దాన్ని పంచే హక్కు అసాహీ వారికి లేదు. అందుకని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాక్ ఓఎస్ లోంచే ఫైలును తీసి, బూట్ విభాగంలో పెట్టి, కెర్నల్‌కు అందిస్తారు. చట్టానికి లోబడి దొరికిన చక్కని ఉపాయం ఇది. కానీ ఇంత ఉపాయం అవసరపడటమే బాధాకరం.

ఇక అసలు ముడి దగ్గరికి వద్దాం. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నదే యూఎస్‌బీ డిస్కులో అనుకుందాం. డిస్కు చదవాలంటే కంట్రోలర్ లేవాలి. కంట్రోలర్ లేవాలంటే ఫర్మ్‌వేర్ కావాలి. ఫర్మ్‌వేర్ ఉన్నది ఆ డిస్కులోనే. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

దీన్ని ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కోలా విప్పింది. లైనక్స్‌లో డ్రైవర్ ఫర్మ్‌వేర్ అడిగినప్పుడు, 2012లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి కెర్నలే నేరుగా ఫైళ్ల వ్యవస్థలో వెతుక్కుంటోంది. అంతకుముందు యూడెవ్ అనే యూజర్ స్పేస్ ప్రోగ్రామ్ వెతికి తెచ్చేది. ఆ రెండింటి మధ్య ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ బూట్ ఆగిపోయిన సందర్భాల తర్వాతే ఈ మార్పు వచ్చింది. అసలు డిస్కు అందకముందే ఫైలు దొరకాలంటే దాన్ని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే కెర్నల్‌తోపాటు బూట్‌లోడర్ మెమరీలోకి తెచ్చే చిన్న ఫైళ్ల మూటలో చేర్చాలి. లేదా కెర్నల్లోనే కలిపి కంపైల్ చేయాలి. డ్రైవర్‌ను కెర్నల్లో కలిపేసి, ఫైలును మాత్రం డిస్కులో వదిలేయడం తరచుగా జరిగే తప్పు. నెట్‌బీఎస్‌డీలో టెగ్రా డ్రైవర్ అసలు డిస్కు మౌంట్ అయ్యేదాకా ఆగి, అప్పుడు ఫర్మ్‌వేర్ చదువుతుంది. డిస్కు వేరేచోట ఉన్నవారికి ఇది హాయిగా సరిపోతుంది. యూఎస్‌బీ నుంచే బూట్ కావాలనుకునేవారి కోసం ఫర్మ్‌వేర్‌ను కెర్నల్లోనే కలిపే ఐచ్ఛికం కూడా ఉంచారు. ఫ్రీబీఎస్‌డీ సంప్రదాయం ఫర్మ్‌వేర్‌ను కెర్నల్ మాడ్యూల్‌గా చుట్టడం. మాడ్యూల్ కాబట్టి దాన్ని బూట్‌లోడరే కెర్నల్‌తోపాటు మెమరీలోకి తేగలదు. డిస్కు వెతుకులాట ఉండదు. పాతకాలపు పద్ధతి అని దీన్ని తీసిపారేసేవారు ఉన్నారు గానీ, హోస్ట్ కంట్రోలర్ విషయంలో ఇదే అన్నిటికన్నా నమ్మకమైనదని నేను అనుకుంటున్నాను.

బూట్‌లోడర్‌కు కూడా యూఎస్‌బీ కావాలన్నది చాలామంది మరిచే సంగతి. మెనూలో ఏ కెర్నల్ కావాలో ఎంచుకోవడానికి కీబోర్డు పనిచేయాలి కదా. ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవర్ ఎంత బాగా రాసినా ఈ దశలో అది ఇంకా పుట్టనే లేదు. ఫర్మ్‌వేర్ పని బోర్డు ఫర్మ్‌వేర్‌దీ బూట్‌లోడర్‌దీ కావాలని నేను గట్టిగా అనడానికి ముఖ్య కారణం ఇదే. డ్రైవర్లో లోడింగ్ కోడ్ వద్దని కాదు. రీసెట్ తర్వాత, నిద్ర లేచాక, కార్డును నడుస్తున్న కంప్యూటర్లో మార్చినప్పుడు అది కావాలి. కానీ మొదటి దాత డ్రైవర్ కాకూడదు.

సాంకేతికమైన ముడులన్నీ విప్పినా లైసెన్సు ముడి మిగిలిపోతుంది. ఇక్కడ రెనెసాస్ ధోరణిలోని తేడా నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అదే కంపెనీ కార్ల కోసం చేసే ఆర్-కార్ చిప్‌లలోనూ ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్ ఉంది. దానికీ నాలుగేసి బైట్లుగా ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. 2014లో ఆ డ్రైవర్ లైనక్స్‌లో చేరినప్పుడు ఫర్మ్‌వేర్ ఫైళ్లు కూడా పంచుకునే లైసెన్సుతో, అందరూ వాడే లైనక్స్-ఫర్మ్‌వేర్ భాండాగారంలో చేరాయి. పీసీఐ చిప్‌ల డ్రైవర్ 2020లో చేరినప్పుడు మాత్రం ఫైలు రాలేదు. మాన్యువల్ ఇచ్చి ఫైలు ఇవ్వకపోవడం వల్ల ఏళ్ల తరబడి వాడుకరులు కార్డు అమ్మినవారి విండోస్ అప్‌డేట్ ప్యాకేజీలు విప్పి ఫైలు ఏరుకోవలసి వచ్చింది. ఎన్విడియా మాత్రం టెగ్రా ఫైళ్లను అదే భాండాగారంలో ఇచ్చింది.

మూలం లేని ప్రోగ్రామ్‌ను అసలు ఎక్కించకూడదన్నది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదుల పక్షం. లైనక్స్-లిబ్రె కెర్నల్ ఇలాంటి ఫైళ్ల పిలుపులను తీసేస్తుంది. వారి ఆందోళన న్యాయమైనదే. హోస్ట్ కంట్రోలర్ ప్రధాన మెమరీని నేరుగా చదవగల, రాయగల పరికరం. దాని లోపలి ప్రోగ్రామ్ ఏం చేస్తోందో మనకు కనిపించదు. అయితే అదే ప్రోగ్రామ్ రోమ్‌లో ఉంటే అభ్యంతరం తగ్గి, డిస్కులో ఉంటే పెరగడం నాకు సమంజసంగా తోచదు. డిస్కులో ఉన్నదాన్ని కనీసం పరిశీలించవచ్చు, వెర్షన్ పోల్చవచ్చు, సంతకం సరిచూడవచ్చు. రోమ్‌లో ఉన్నదాన్ని ఎవరూ చూడరు. డెబియన్ 2022లో సభ్యుల ఓటుతో ఇన్‌స్టాలర్లో ఇలాంటి ఫర్మ్‌వేర్‌ను చేర్చడానికి ఒప్పుకుని, 2023లో వచ్చిన 12వ వెర్షన్‌లో వాటికి ప్రత్యేక విభాగం పెట్టింది. వాడుకరికి తెలియజేస్తూనే పని జరిగేలా చూసిన ఆ మధ్యేమార్గం సరైనదనే నా అభిప్రాయం. భద్రత విషయంలో, పరికరాలు ముట్టుకోగల మెమరీకి హద్దులు పెట్టే ఐఓఎంఎంయూ ఆన్ చేసి ఉంచడం తప్పనిసరి. అప్పుడు కంట్రోలర్ తనకు కేటాయించిన మెమరీ దాటి పోలేదు.

హైదరాబాద్, బెంగళూరు కార్యాలయాల్లో చిప్‌ల మీద, బోర్డుల మీద, డ్రైవర్ల మీద పనిచేసే తెలుగువారు తక్కువేమీ కాదు. వారికి నా విన్నపం. మీ బోర్డు డిజైన్ సమీక్షలో ఫ్లాష్ చిప్ తీసేద్దామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. కరెంటు వచ్చిన క్షణం నుంచి బూట్‌లోడర్ మెనూ దాకా ఈ కంట్రోలర్‌కు ప్రోగ్రామ్ ఎవరు ఇస్తారు? ఆ ఫైలును ఎవరైనా పంచుకునేందుకు మన న్యాయ విభాగం రాతపూర్వకంగా ఒప్పుకుందా? రెంటికీ జవాబు దొరికేదాకా ఆ ఫ్లాష్‌ను బోర్డు మీద ఉండనివ్వండి.